దగ్గుమందు కంపవాతానికి పనిచేస్తుందా?

అడ్డసరపు ఆకు రసాన్ని తేనెతో రంగరించి దగ్గుకు ఇవ్వడం మన పెద్దలకు తెలిసిన వైద్యమే. ఆ మొక్కకు సంస్కృతంలో వాస, వాసక అనే పేర్లున్నాయి. దాని ఆకులలో వాసిసిన్ అనే ఆల్కలాయిడు ఉంటుంది. ఆ అణువును నమూనాగా తీసుకొని, ఐరోపాలోని ఔషధ రసాయన శాస్త్రజ్ఞులు దాని నిర్మాణాన్ని మార్చి, 1960లలో బ్రోమ్‌హెక్సిన్ అనే మందును వాడుకలోకి తెచ్చారు. బ్రోమ్‌హెక్సిన్ శరీరంలో మార్పు చెందినప్పుడు ఏర్పడే పదార్థాలలో ఒకటి ఆంబ్రాక్సాల్. 1970ల చివరికి అది తానే ఒక మందుగా వచ్చింది. చిక్కని కఫాన్ని పలుచన చేసి, అది సులభంగా బయటకు వచ్చేటట్లు చేయడం దాని పని. మన ఇళ్ళలో అలమరపై అరలో సగం ఖాళీ అయి ఉండే దగ్గుమందు సీసాను తీసి చూడండి. చాలావాటిపై ఈ పేరు కనిపిస్తుంది.

ఇంత సామాన్యమైన మందును గురించి ఇప్పుడు వ్రాయడానికి కారణముంది. కొద్ది నెలల క్రితం నా పాత పేషెంటు ఒకరి కుమారుడు ఫోను చేశాడు. తండ్రిగారు విశ్రాంత ఉపాధ్యాయులు. ఆరేళ్ళుగా కంపవాతంతో, అంటే పార్కిన్సన్ వ్యాధితో బాధపడుతున్నారు. లీవోడోపా మాత్రలు వేళకు వేసుకుంటున్నా, ఇటీవల అడుగు ముందుకు పడడం కష్టమైంది.

“డాక్టరు గారూ, దగ్గుమందుతో పార్కిన్సన్స్ తగ్గుతుందని వాట్సాప్‌లో వచ్చిందండీ. లండన్‌లో కనిపెట్టారట. నాలుగు సీసాలు తెచ్చాను. నాన్నగారికి రోజుకు ఎంత పొయ్యమంటారు?”

“ఒక్క చెంచా కూడ పొయ్యవద్దు, బాబూ. ముందు ఆ సీసా మీద ఏమి వ్రాసి ఉందో చదివి చెప్పు” అన్నాను.

అతడు చదివాడు. దానిలో ఏముందో తరువాత చెబుతాను. చదవడం పూర్తయ్యాక అతడు అడిగిన ప్రశ్న మాత్రం నన్ను చాలా రోజులు ఆలోచింపజేసింది. “మరి కణాలలో పనిచేసిందని రుజువైంది కదండీ? ఎంజైము పెరిగిందని వ్రాశారు. కణంలో పనిచేసినది మనిషిలో ఎందుకు పనిచేయదు?”

చదువుకున్నవాడు అడగవలసిన ప్రశ్నే అది. దానికి ఫోనులో రెండు మాటల్లో సమాధానం చెప్పడం కుదరదు.

కథ గోషే వ్యాధి దగ్గర మొదలవుతుంది. మన ఆసుపత్రులలో దీనిని గాషర్ అని పలుకుతారు. 1882లో పారిస్‌లో ఫిలిప్ గోషే అనే వైద్య విద్యార్థి, ప్లీహం విపరీతంగా పెరిగిన 32 ఏళ్ళ స్త్రీని వర్ణిస్తూ తన పరిశోధన వ్యాసం వ్రాశాడు. అది ప్లీహపు కంతి అని ఆయన అనుకున్నాడు. అది కంతి కాదనీ, గ్లూకోసెరిబ్రోసైడేజ్ అనే ఎంజైము లోపంవల్ల ఒక రకపు కొవ్వు కణాలలో పేరుకొనిపోవడమనీ 1965లో అమెరికాలో రాస్కో బ్రాడీ బృందం తేల్చింది. కణాలలో లైసోసోములనే చిన్న సంచులుంటాయి. పాతబడిన సామగ్రిని విడగొట్టి, పనికివచ్చేవాటిని తిరిగి వాడుకకు పంపే స్థానాలవి. పాతసామాన్ల దుకాణం వంటివని చెప్పవచ్చు. అక్కడ పనిచేసే అనేక ఎంజైములలో గ్లూకోసెరిబ్రోసైడేజ్ ఒకటి. అది చాలకపోతే సరుకు పేరుకొంటుంది, ప్లీహం, కాలేయం ఉబ్బుతాయి, ఎముక మజ్జ నిండిపోయి రక్తకణాలు తగ్గుతాయి, ఎముకలు పెళుసుబారుతాయి. కొన్ని రకాలలో మెదడు కూడ దెబ్బతింటుంది.

నేను హౌస్ సర్జనుగా ఉన్న రోజులలో ఇటువంటి బిడ్డనొకతెను చూశాను. ఏడేళ్ళుంటాయి. పొట్ట ముందుకు వచ్చి, కాళ్ళు చేతులు పుల్లల్లా ఉన్నాయి. చెయ్యి వేస్తే ప్లీహం బొడ్డు దాటి దిగి ఉంది. అంతకుముందు మలేరియా అనుకొని పలుమార్లు మందులు వాడారు. మా ఆచార్యులు మజ్జ తీసి అద్దకం వేయించి, సూక్ష్మదర్శినిలో చూడమన్నారు. నలిపి విప్పిన పలుచని కాగితంలా ముడతలు పడ్డ పెద్ద పెద్ద కణాలు. ఒకసారి చూసినవారు మరచిపోరు. తల్లిదండ్రులది మేనరికం, మేనమామకే ఇచ్చారు. వ్యాధి రావాలంటే తల్లినుండి ఒకటి, తండ్రినుండి ఒకటి, రెండు లోపభూయిష్టమైన జన్యువులు బిడ్డకు చేరాలి. దగ్గరి సంబంధాలు చేసుకొనే కుటుంబాలలో ఆ అవకాశం హెచ్చు. ఆ రోజుల్లో మేము చేయగలిగినది రక్తం ఎక్కించడం, మరీ అవసరమైతే ప్లీహం తీసివేయడం. ఆమె తండ్రి “మందు లేదా అయ్యా?” అని అడిగినప్పుడు మా ఆచార్యులు తల వంచుకోవడం నాకు గుర్తుంది.

మందు 1991లో వచ్చింది. మొదట మానవుల మాయ నుండి ఎంజైమును వెలికితీసి సిరల ద్వారా ఎక్కించారు. ఒక్క రోగికి ఏడాదికి సరిపడేటంత ఎంజైము తీయాలంటే వేలకొద్దీ మాయలు కావలసివచ్చేవి. 1994 నుండి పెంపకపు కణాలలో తయారుచేసిన ఎంజైము దొరుకుతోంది. రెండు వారాలకొకసారి, జీవితాంతం ఎక్కించాలి. ప్లీహం తగ్గుతుంది, రక్తం మెరుగవుతుంది. కాని ఖర్చు సామాన్యులు మోయలేనిది. పైగా ఆ ఎంజైము పెద్ద అణువు కాబట్టి మెదడులోకి పోలేదు.

అందుకే మరొక మార్గం వెదికారు. ఇక్కడ ఒక విషయం గమనించాలి. చాలామంది గోషే రోగులలో ఎంజైము పూర్తిగా లేకపోలేదు. అది 497 ఎమైనో ఆమ్లాల గొలుసు. జన్యువులో ఒక్క అక్షరం మారి, 370వ స్థానంలోనో 444వ స్థానంలోనో ఒక ఎమైనో ఆమ్లానికి బదులు మరొకటి వస్తుంది. అలా తయారైన ఎంజైముకు పనిచేసే శక్తి కొంత ఉండవచ్చు, కాని సరిగా మడత పడదు. కణం తనలో తయారయ్యే ప్రోటీనులను అంతర్జీవద్రవ్య జాలం అనే చోట తనిఖీ చేస్తుంది. మడత బాగులేనివాటిని లైసోసోముకు పంపకుండా అక్కడే ధ్వంసం చేస్తుంది. అంటే పని కొద్దో గొప్పో చేయగలిగిన పనివాడిని గుమ్మం దగ్గరే ఆపి వెనక్కి పంపడం వంటిది.

అటువంటి ఎంజైమును మడత పడే సమయంలో పట్టి నిలిపి ఉంచగల చిన్న అణువు దొరికితే? ఇల్లు కట్టేటప్పుడు స్లాబుకు సెంట్రింగు కొడతారు కదా. కాంక్రీటు గట్టిపడేవరకు కింద కర్రలు, పలకలు స్లాబును మోస్తాయి. గట్టిపడ్డాక విప్పేస్తారు. విప్పకపోతే ఆ గది ఎందుకూ పనికిరాదు. ఎంజైముకు ఈ సెంట్రింగు పని చేయగలవి, విచిత్రంగా, తరచు ఆ ఎంజైమును నిరోధించే పదార్థాలే. ఎంజైము తన పనిని జరుపుకొనే గుంటలో అవి అమరి కూర్చుంటాయి కాబట్టి ఎంజైము రూపం చెదరకుండా నిలుస్తుంది. ఫాబ్రీ వ్యాధి అనే మరొక లైసోసోము వ్యాధిలో, నిరోధక పదార్థాన్ని తక్కువ మోతాదులో ఇస్తే రోగుల కణాలలో ఎంజైము చురుకుదనం తగ్గక, పెరుగుతుందని 1999లో జపానులో చూపించారు. నిరోధకంతో పనితనం పెరగడమేమిటని ఆనాడు చాలామంది సందేహించి ఉంటారు. తార్కికంగా ఆలోచిస్తే అందులో వైరుధ్యం లేదు. సెంట్రింగు ఉన్నంతసేపు గది వాడుకోలేము, అది లేకుండా గదే లేదు.

సరే, అటువంటి అణువును ఎలా కనుగొనాలి? కొత్తది తయారుచేసి, విషగుణాలు చూసి, మనుషులలో పరీక్షించి, అనుమతి పొందేసరికి పదేళ్ళు దాటవచ్చు. ఇప్పటికే మనుషులు వాడుతున్న మందులలో వెదికితే సగం దారి నడిచినట్లే. కెనడాలో టొరంటో నగరపు పిల్లల ఆసుపత్రి పరిశోధకులు 1,040 మందుల సంపుటిని తీసుకొని ఒక్కొక్కదాన్ని గ్లూకోసెరిబ్రోసైడేజ్‌తో కలిపి వేడిచేశారు. కోడిగుడ్డు తెల్లసొన వేడికి గట్టిపడినట్లే ఎంజైము కూడ వేడికి రూపం కోల్పోయి పనిచేయడం మానేస్తుంది. ఏ మందు సమక్షంలో ఎంజైము వేడికి ఎక్కువసేపు ఓర్చుకొంటే, ఆ మందు దానిని పట్టి నిలుపుతున్నదన్నమాట. ఆ వడపోతలో తేలిన పేరు ఆంబ్రాక్సాల్. 2009లో ఆ ఫలితాలు వెలువడ్డాయి.

అందులో మరింత ఆసక్తి కలిగించే విషయం ఆమ్ల క్షార స్థితికి సంబంధించినది. అంతర్జీవద్రవ్య జాలంలో పరిసరం ఇంచుమించు తటస్థంగా, అంటే పిహెచ్ 7 ప్రాంతంలో ఉంటుంది. లైసోసోములో ఆమ్లత్వం హెచ్చు, పిహెచ్ 4.5 నుండి 5. ఆంబ్రాక్సాల్ తటస్థ స్థితిలో ఎంజైమును గట్టిగా పట్టుకొంటుంది. ఆమ్లత్వం పెరిగేకొద్దీ పట్టు సడలిస్తుంది. పిహెచ్ 4.3 వద్ద నిరోధం కనిపించనే లేదు. అంటే మేస్త్రీ ఎవరూ రాకుండానే, చేరవలసిన చోటికి చేరాక సెంట్రింగు తనంతట తాను ఊడిపోతుంది. దగ్గు కోసం తయారైన మందులో ఈ గుణం ఉండడం కేవలం యాదృచ్ఛికం. వెదికితే తప్ప తెలిసేది కాదు.

పరీక్షనాళికలోని శుద్ధమైన ఎంజైము వేరు, కణం వేరు. అందువలన తరువాతి మెట్టు రోగుల కణాలు. రోగి చర్మం నుండి మిరియపుగింజంత ముక్క తీసి, అందులోని ఫైబ్రోబ్లాస్టు కణాలను పోషక ద్రవంలో పెంచుతారు. ఆ కణాలలో రోగి జన్యులోపం యథాతథంగా ఉంటుంది. వాటికి కొన్ని రోజులపాటు మందు ఇచ్చి, ఆపైన ఎంజైము చురుకుదనం కొలుస్తారు. పెద్ద ఎత్తున చేసేటప్పుడు అరచేయంత ప్లాస్టిక్ పలకలో 96 గాని 384 గాని చిన్న గుంటలుంటాయి. ఒక్కొక్క గుంటలో ఒక్కొక్క మందు. గుంటలు నింపేది మరచేయి, చదివేది యంత్రం.

కొలిచే పద్ధతిని గురించి కొంచెం చెప్పాలి. ఎంజైము కంటికి కనిపించదు. అది చేసిన పనిని చూసి దానిని లెక్కగట్టాలి. ఒక చక్కెర అణువుకు మిథైల్ అంబెల్లిఫెరోన్ అనే పదార్థాన్ని తగిలించి కణాలకు అందిస్తారు. రెండూ కలిసి ఉన్నంతవరకు వెలుగు దాదాపు ఉండదు. ఎంజైము ఆ రెంటినీ విడగొట్టగానే విడిపడిన పదార్థం అతినీలలోహిత కాంతిలో నీలంగా మెరుస్తుంది. మెరుపు ఎంత ఎక్కువైతే ఎంజైము అంత చురుకు. రంగును కొలిచి జీవరసాయనాన్ని లెక్కగట్టే విద్యలో మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారికి గొప్ప స్థానముంది. 1925లో హార్వర్డులో ఆయన, సైరస్ ఫిస్కె కలిసి ఫాస్ఫరస్‌ను నీలి రంగు ద్వారా కొలిచే పద్ధతిని ప్రకటించారు. ఫాస్ఫేటును విడగొట్టే ఎంజైముల చురుకుదనాన్ని కొలవడానికి తరువాతి తరాలవారు ఆ పద్ధతిని విస్తారంగా వాడుకొన్నారు. వైద్య కళాశాలలో మేము ఆ నీలి రంగు కోసం పరీక్షనాళికలు పట్టుకొని నిలబడినవాళ్ళమే.

మెరుపు పెరిగినంత మాత్రాన మందు పనిచేసినట్లు కాదు. కొన్ని మందులు తామే నీలంగా మెరుస్తాయి. ఎంజైము ఏమీ చేయకపోయినా యంత్రం “పెరిగింది” అంటుంది. కొన్ని మందులు కణాలను చంపుతాయి, అప్పుడు గుంటలో కణాలే తక్కువై చురుకుదనం తగ్గినట్లు కనిపిస్తుంది. అందుకే ప్రతి గుంటలోని కణాల సంఖ్యనో, మొత్తం ప్రోటీనునో కొలిచి లెక్క సరిచేయాలి. పలక అంచులలోని గుంటలలో ద్రవం త్వరగా ఆవిరైపోయి కొలతలు తారుమారవుతాయి. మందేమీ ఇవ్వని గుంటలు, ఎంజైము అసలే లేని కణాల గుంటలు ప్రతి పలకలోను ఉండాలి. వేయి మందులను పరీక్షిస్తే, ఏ గుణమూ లేకపోయినా కాకతాళీయంగా కొన్నైనా బాగున్నట్లు కనిపిస్తాయి. వాటిని మళ్ళీ మళ్ళీ, వేరువేరు మోతాదులలో, మరొక పద్ధతిలో కూడ పరీక్షించాక మిగిలేవి చాలా తక్కువ. సెంట్రింగు వంటి మందుల విషయంలో మరొక చిక్కు. కణాలను చిదిమి ఎంజైమును కొలిచేటప్పుడు అందులో మందు మిగిలి ఉంటే అది నిరోధకంగా పనిచేసి, పెరిగిన ఎంజైమును తగ్గించి చూపుతుంది. ముందే కడిగివేయాలి. ఎంతసేపు కడగాలన్నది కూడ ఒక ప్రశ్నే.

ఆంబ్రాక్సాల్ ఈ పరీక్షలకు నిలిచింది. గోషే రోగుల కణాలలో ఎంజైము చురుకుదనం, పరిమాణం, లైసోసోములకు చేరడం మూడూ పెరిగాయి. కాని అన్ని లోపాలకు ఒకే విధంగా కాదు. 370వ స్థానపు లోపం ఉన్న కణాలు బాగా స్పందించాయి. మన దేశపు గోషే రోగులలో ఎక్కువగా కనిపించేది మాత్రం 444వ స్థానపు లోపం. అది మొండిది. కాబట్టి “గోషే వ్యాధికి పనిచేస్తుంది” అనడం కంటే “ఈ లోపమున్న కణాలలో పనిచేసింది” అనడమే సరైన మాట.

ఇక ఆ యువకుని ప్రశ్నకు వస్తాను. కణంలో పనిచేసినది మనిషిలో ఎందుకు పనిచేయకపోవచ్చు? దీనికి సిద్ధాంతం కంటె ఒక ఉదాహరణ మేలు. ఐసోఫాగోమిన్ అనే అణువు ఆంబ్రాక్సాల్ కంటే ముందే గోషే కణాలలో బ్రహ్మాండంగా పనిచేసింది. ఎంజైమును ఎంతో గట్టిగా పట్టుకొనేది. అమెరికాలో ఒక సంస్థ దానిని మందుగా మలచి రోగులకిచ్చి చూసింది. 2009లో ఫలితాలు వచ్చాయి. రోగుల తెల్లరక్తకణాలలో ఎంజైము పెరిగింది. అయితే 18 మందిలో ప్లీహం, రక్తం వంటివాటిలో చెప్పుకోదగ్గ మెరుగుదల కనిపించినది ఒక్కరికే. కొలత పెరిగింది, రోగి కుదుటపడలేదు. సెంట్రింగు పట్టు మరీ గట్టిదై లైసోసోములో కూడ సరిగా ఊడకపోవడమే కారణమై ఉండవచ్చుననే వివరణ ఉంది. ఆ మందు అక్కడితో ఆగిపోయింది. ఇటువంటి వార్తలు వాట్సాప్‌లో రావు.

ఆంబ్రాక్సాల్‌ను మనుషులలో చూసినవారు కూడ ఉన్నారు. ఇజ్రాయెల్‌లో 12 మంది గోషే రోగులకు రోజుకు 150 మిల్లీగ్రాములు, అంటే దగ్గుకు ఇచ్చే మోతాదుకు దగ్గరగా, ఆరు నెలలు ఇచ్చారు. ఒకరిలో చెప్పుకోదగ్గ ఫలితం కనిపించింది. జపానులో మెదడు కూడ దెబ్బతిన్న ఐదుగురికి చాలా పెద్ద మోతాదులు, శరీర బరువును బట్టి రోజుకు గరిష్ఠంగా 1,300 మిల్లీగ్రాములవరకు ఇచ్చి చూసి, 2016లో ఫలితాలు ప్రకటించారు. మందు మెదడు వరకు చేరింది, కండరాల అదురులు తగ్గాయి. సిరల ద్వారా ఎక్కించే ఎంజైము చేరలేని చోటికి ఒక దగ్గుమందు చేరడం చిన్న విషయం కాదు. అయినా ఐదుగురంటే ఐదుగురే.

కంపవాతం మాట ఎక్కడినుండి వచ్చింది? గోషే రోగులలోను, వారి రక్తసంబంధీకులలోను కంపవాతం ఎక్కువగా కనిపిస్తున్నదని కొందరు వైద్యులు గమనించారు. 2009లో ప్రపంచంలోని 16 కేంద్రాలు కలిసి 5,691 మంది కంపవాత రోగులను, ఆ వ్యాధి లేని 4,898 మందిని పరీక్షించాయి. ఈ ఎంజైము జన్యువులో లోపం ఉండే అవకాశం కంపవాత రోగులలో అయిదు రెట్లకు పైగా ఉన్నట్లు తేలింది. జన్యువుల జంటలో ఒక్కదానిలో లోపమున్నా ప్రమాదం పెరుగుతుంది. అలాగని భయపడనక్కరలేదు, లోపమున్నవారిలో అత్యధికులకు కంపవాతం ఎన్నడూ రాదు. కారణం కొంతవరకు అర్థమైంది. ఎంజైము తగ్గితే నాడీకణాలలో ఆల్ఫా సైన్యూక్లిన్ అనే ప్రోటీను పేరుకొంటుంది. పేరుకొన్న ప్రోటీను ఎంజైమును లైసోసోముకు చేరనీయదు. ఒకదాన్నొకటి పెంచుకొనే విషవలయం.

లండన్ యూనివర్సిటీ కాలేజీలో చేసి 2020లో ప్రకటించిన పరీక్షే ఆ వాట్సాప్ సందేశానికి మూలం. 17 మంది కంపవాత రోగులు పూర్తి చేశారు. మోతాదును క్రమంగా పెంచి, 420 మిల్లీగ్రాములు రోజుకు మూడుసార్లు, అంటే మొత్తం 1,260 మిల్లీగ్రాములు ఇచ్చారు. మందు మెదడు చుట్టూ ఉండే ద్రవంలోకి చేరింది, ఎవరికీ తీవ్రమైన హాని కలగలేదు. వారు తేల్చదలచుకొన్నది ముఖ్యంగా ఇదే. ఇంతకంటే వింత మరొకటుంది. ఆ ద్రవంలో ఎంజైము పరిమాణం 35 శాతం పెరిగింది, ఎంజైము చురుకుదనం మాత్రం 19 శాతం తగ్గింది! ఆ ద్రవం తటస్థంగా ఉంటుంది కాబట్టి అక్కడ మందు ఎంజైమును పట్టుకొనే ఉంటుందనుకొంటే ఇందులో ఆశ్చర్యం లేదు. కాని నాడీకణం లోపలి లైసోసోములో ఏమి జరుగుతున్నదో బ్రతికి ఉన్న మనిషిలో సూటిగా కొలవలేము. కదలికలు కొంత మెరుగైనట్లు నమోదైనా, పోల్చడానికి ఉత్తుత్తి మాత్రలు తీసుకొన్న వర్గం అందులో లేదు. కంపవాతంలో ఉత్తుత్తి మాత్రకు కూడ రోగి మెరుగుపడడం నరాల వైద్యులందరికీ తెలిసినదే.

2025లో కెనడా వారు అటువంటి వర్గాన్ని పెట్టి, కంపవాతంతో పాటు మతిమరుపు కూడ వచ్చిన 55 మందిపై ఏడాదిపాటు చేసిన పరీక్ష ఫలితాలు ఇచ్చారు. మందును బాగానే తట్టుకొన్నారు. కాని ముఖ్య లక్ష్యమైన జ్ఞాపకశక్తి, ఆలోచనల విషయంలో మందుకు, ఉత్తుత్తి మాత్రకు తేడా తేలలేదు. మెదడు దెబ్బతినడాన్ని సూచించే ఒక రక్తపు కొలత మందు తీసుకొన్నవారిలో నిలకడగా ఉంది. అది ఆశ కలిగించేదే, ఆశకు మించినది కాదు. అదే ఏడాది బ్రిటన్‌లో 330 మందితో, రెండేళ్ళపాటు సాగే పెద్ద పరీక్ష మొదలైంది.

ఇప్పుడు సీసా విషయం. ఆ యువకుడు చదివిన దాని ప్రకారం 5 మిల్లీలీటర్లలో ఆంబ్రాక్సాల్ 15 మిల్లీగ్రాములు, టెర్బ్యుటలిన్ 1.25 మిల్లీగ్రాములు, గ్వాయిఫెనెసిన్ 50 మిల్లీగ్రాములు. మన దుకాణాలలో తరచు దొరికే కూర్పే ఇది. లండన్ మోతాదు అందాలంటే ఈ మందు రోజుకు 84 చెంచాలు, అంటే 420 మిల్లీలీటర్లు తాగాలి. దానితోపాటు 105 మిల్లీగ్రాముల టెర్బ్యుటలిన్ లోపలికి పోతుంది. పెద్దలకు నోటి ద్వారా రోజుకు గరిష్ఠంగా 15 మిల్లీగ్రాములు. ఏడింతలు! గుండె దడ, లయ తప్పడం, రక్తంలో పొటాషియం పడిపోవడం, పైగా చేతుల వణుకు. ఏ వణుకు తగ్గాలని పోస్తున్నారో అదే పెరుగుతుంది. పరీక్షలలో వాడినవి ఆంబ్రాక్సాల్ ఒక్కటే ఉన్న మాత్రలు. ఆంబ్రాక్సాల్ ఒక్కటే అయినా నిరపాయమని చెప్పడానికి లేదు. అరుదుగా తీవ్రమైన చర్మ ప్రతిచర్యలు కలుగవచ్చునని ఐరోపా ఔషధ నియంత్రణ సంస్థ 2015లో హెచ్చరిక చేర్చింది. ఈ లెక్క చెప్పేసరికి అవతల కొంతసేపు నిశ్శబ్దం. ఆపైన “జన్యుపరీక్ష చేయించమంటారా?” అన్నాడు. కంపవాత రోగులలో ఈ జన్యులోపం ఉండేది నూటికి అయిదు నుండి పదిహేను మందిలో. ఆ జన్యువుకు పక్కనే, దానిని చాలావరకు పోలిన, పనిచేయని నకలు జన్యువొకటి ఉండడంవల్ల పరీక్ష చేసేవారికి అనుభవం కావాలి. ఫలితం ఏది వచ్చినా ఈనాటి చికిత్స మారదు. నరాల వైద్యుని సంప్రదించి నిర్ణయించుకోమన్నాను. లీవోడోపా వేళలు సరిచేసుకోవడం, మాంసకృత్తులు అధికంగా ఉండే భోజనానికి దూరంగా ఆ మాత్రలు వేసుకోవడం, రోజూ నడక సాధన, ఇవి ఇప్పుడే చేయగలిగినవి. ఆ తండ్రిగారికి మాత్రల వేళలు మార్చాక కాస్త సుళువైందని తరువాత తెలిసింది.

కణాలలో పరీక్షలపై నాకు చిన్నచూపు లేదు. ఫాబ్రీ వ్యాధికి మిగలాస్టాట్ అనే మందు 2016లో ఐరోపాలో అనుమతి పొందింది. ఆ 1999 నాటి ఆలోచన నుండి వచ్చినదే. ఏ రోగికి ఆ మందు ఇవ్వాలో తేల్చేది కణపరీక్షే. ఫాబ్రీలో వందలాది రకాల జన్యులోపాలున్నాయి. ఒక్కొక్క లోపాన్ని పెంపకపు కణాలలో ప్రవేశపెట్టి, మందు కలిపి, ఎంజైము చురుకుదనం కనీసం 1.2 రెట్లు కావాలి, సహజ ఎంజైముతో పోల్చితే కనీసం 3 శాతం మేరకు పెరగాలి అని నియమం పెట్టుకొన్నారు. అందులో నెగ్గిన లోపాలున్నవారికే మందు. ఏదో ఒకనాడు 444వ స్థానపు లోపమున్న మన పిల్లల కోసం కూడ ఇటువంటి పట్టిక తయారుకావచ్చు.

అంతవరకు మన చేతిలో ఉన్నవి చెబుతాను. పిల్లలలో ప్లీహం పెద్దదై, రక్తం, ప్లేట్‌లెట్లు తక్కువై, మలేరియా వంటి కారణాలు తేలకపోతే, ముఖ్యంగా తల్లిదండ్రులది మేనరికమైతే, గ్లూకోసెరిబ్రోసైడేజ్ పరీక్ష చేయించండి. తెల్లరక్తకణాలలో గాని, ప్రత్యేకమైన కాగితంపై ఆరబెట్టిన రక్తపు చుక్కలో గాని ఎంజైము చురుకుదనం కొలుస్తారు. పైన చెప్పిన నీలి మెరుపు పద్ధతి ఇందుకు కూడ ఉపయోగిస్తుంది. 2021 జాతీయ అరుదైన వ్యాధుల విధానంలో గోషే వ్యాధి ఉంది. అందులో గుర్తించిన కేంద్రాలలో హైదరాబాదులోని నిమ్స్, సీడీఎఫ్‌డీ కలిసి ఒక కేంద్రం. గుర్తింపు పొందిన కేంద్రంలో నమోదైన రోగికి 50 లక్షల రూపాయలవరకు సహాయం లభించే ఏర్పాటు ఉంది. తదుపరి గర్భం దాల్చదలచిన దంపతులు ఆ విషయం ముందే చెబితే, గర్భస్థ శిశువుకు పరీక్ష చేసే వీలు కూడ ఉంటుంది.